వ్యాక్సిన్ ట్రయల్‌లో వాలంటీరుగా: ఒక ట్రయల్ కేంద్రం పనితీరుపై నా సమీక్ష

కోవాగ్జిన్ మూడో దశ క్లినికల్ ట్రయల్‌లో నేను వాలంటీరుగా చేరింది 2020 డిసెంబరులో. ఆసుపత్రుల గురించీ, స్కానింగ్ సెంటర్ల గురించీ, చివరికి మందుల దుకాణాల గురించీ కూడా మనవాళ్ళు సమీక్షలు రాస్తున్నారు గాని, ఏ జబ్బూ లేని మనిషి ఒక ట్రయల్ కేంద్రానికి వెళ్తే అక్కడ ఎలా కూర్చోబెడతారు, ఏం చెబుతారు, పని అయిపోయాక ఎలా చూస్తారు అన్న సంగతులు వివరంగా రాసినవారు తెలుగులో నాకు కనబడలేదు. ఆసుపత్రి పేరు గాని, ఊరి పేరు గాని ఇక్కడ రాయడం లేదు. నేను చూసిన మంచి అక్కడి కొందరు మనుషుల వల్ల జరిగింది, నేను చూసిన లోపాలు ఆ ఒక్క ఆసుపత్రివే అనుకోవడానికి లేదు. పేరు పెడితే చదివేవారి దృష్టి లోపం మీద కాక ఆ పేరు మీదే నిలుస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రయల్ కేంద్రాన్ని తూచవలసింది గది ఎంత శుభ్రంగా ఉంది, సూది ఎంత నొప్పి పెట్టింది, టీ బిస్కట్లు ఇచ్చారా లేదా అన్న వాటితో కాదు. సంతకం పెట్టించుకునే ముందు మనతో ఎంతసేపు కూర్చున్నారు, సంతకం అయిపోయాక మనల్ని ఎన్నాళ్ళు గుర్తు పెట్టుకున్నారు అన్న రెండు విషయాలతోనే తూచాలి. మొదటి విషయంలో నేను వెళ్ళిన కేంద్రానికి పదికి తొమ్మిది మార్కులు ఇస్తాను. రెండో విషయంలో పదికి నాలుగు దాటి ఇవ్వలేను.

ట్రయల్ స్వరూపం తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. కోవాగ్జిన్‌ను హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ కలిసి రూపొందించాయి. చంపివేసిన కరోనా వైరస్‌తో తయారైన టీకా అది. మొదటి దశ 375 మందితో, రెండో దశ 380 మందితో జరిపి చూసి, ఆ తరువాత 2020 నవంబరులో దేశవ్యాప్తంగా 25 కేంద్రాల్లో దాదాపు 25,800 మందితో మూడో దశ మొదలుపెట్టారు. చేరినవారిలో సగం మందికి అసలు టీకా, మిగతా సగం మందికి ప్లాసిబో, అంటే చూడడానికి అలాగే ఉండి టీకా పదార్థం లేని ఇంజెక్షను, 28 రోజుల తేడాతో రెండు డోసులు ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో తీసుకున్నవారికీ తెలియదు, వేసిన నర్సుకూ తెలియదు, పరీక్షించిన డాక్టరుకూ తెలియదు. సీసాల మీద అంకెలు మాత్రమే ఉంటాయి. తరువాత ఎవరికి కరోనా వస్తుందో చూసి, అనుకున్నన్ని కేసులు పోగయ్యాక, ఆ కేసుల్లో టీకా పొందినవారు ఎందరు, ప్లాసిబో పొందినవారు ఎందరు అని విప్పి చూస్తారు.

నేను చేరుతున్నానని చెప్పగానే మా ఇంట్లో వచ్చిన మొదటి మాట "మనుషుల మీద ప్రయోగం" అనేదే. మా అత్తగారు రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, నీకు డబ్బు అవసరం లేదు, పేరు అవసరం లేదు, ఎందుకీ పని?" అన్నాడు. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే మన రాష్ట్రాల్లో దానికి కారణాలున్నాయి. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు, వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ళలో చదువుకునే పిల్లలు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు. అది టీకా పనిచేస్తుందా అని తేల్చే ట్రయల్ కాదు, టీకాను కార్యక్రమంగా ఎలా నడపాలో చూసే ప్రాజెక్టు అన్నారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో బహుశా సంబంధం లేదని విచారణ సంఘం చెప్పింది. పాముకాటు, నీట మునగడం వంటి కారణాలు వాటిలో ఉన్నాయి. కాని అసలు తప్పు మరోచోట బయటపడింది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద తల్లిదండ్రుల సంతకాలకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నాటి నివేదికలో వేలెత్తి చూపింది. పిల్లల తల్లిదండ్రులు అడవి పల్లెల్లో ఉన్నారు, వారిలో చాలామందికి కబురు కూడా వెళ్ళలేదన్న ఆరోపణలు వచ్చాయి.

2011లో పిడుగురాళ్ళ వ్యవహారం కూడా మనవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాదులోని ఒక సంస్థకు తీసుకువెళ్ళి, తాము వేసుకుంటున్న మందు ఏమిటో కూడా తెలియని స్థితిలో మందుల పరీక్షలకు వాడుకున్నారని పత్రికలు వెలుగులోకి తెచ్చాయి. అది వ్యాక్సిన్ ట్రయల్ కాదు. ఇప్పటికే బజారులో ఉన్న మందుకు మరో కంపెనీ తయారుచేసిన మందు సమానంగా రక్తంలో కలుస్తోందా అని చూసే పరీక్ష. అటువంటి వాటిలో మనుషులను లోపలే ఉంచి, గంట గంటకూ రక్తం తీసి, వేల రూపాయలు చేతిలో పెడతారు. వ్యాక్సిన్ ట్రయల్‌లో అదేమీ ఉండదు. సూది వేయించుకుని, అరగంట కూర్చుని, ఇంటికి వచ్చి మన పని మనం చేసుకుంటాం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. అయినా ఖమ్మంలోనూ పిడుగురాళ్ళలోనూ చెడింది ఒకటే: మనిషికి విషయం చెప్పి, అర్థమైందో లేదో చూసుకుని, ఒప్పుకున్నాకే ముందుకు వెళ్ళాలన్న పద్ధతి. అందుకే నేను వెళ్ళిన రోజున నా దృష్టంతా ఆ సమ్మతి తీసుకునే తీరు మీదే ఉంది.

ఆ తీరు నన్ను నిజంగా సంతోషపెట్టింది. పాత ఓపీ బ్లాకు వెనక, మందుల స్టోరు పక్కన, రెండు గదులు ట్రయల్ కోసం కేటాయించారు. బయట వరండాలో దూరం దూరంగా కుర్చీలు వేశారు. లోపలికి ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు గాని, తలుపు తెరిచి ఉండడంతో నా ముందున్నాయన సంభాషణ నాకు వినబడింది. ఆయన ఆటో నడుపుతారట, యాభై దాటి ఉంటాయి. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. పత్రంలో ఉన్నదంతా ఒక్కొక్క పేజీ చదివి, మామూలు మాటల్లో చెప్పింది. అంతా అయ్యాక సంతకం అడగలేదు. "బాబాయ్ గారూ, ఇప్పుడు నేను చెప్పింది మీరు నాకు చెప్పండి. మీ ఇంటికెళ్ళి పిన్నిగారికి ఎలా చెబుతారో అలా చెప్పండి" అంది.

ఆయన కాస్త ఆలోచించి, "సగం మందికి మందు సూది, సగం మందికి ఉత్త సూది. నాకేది పడిందో మీక్కూడా తెలీదు. ఏడాది పాటు ఫోన్ చేస్తారు. జ్వరమొస్తే మీకే ముందు చెప్పాలి" అన్నారు.

"వేయించుకున్నాం కదా అని మాస్కు తీసేయొచ్చా?"

"తీసేస్తే ఎట్లామ్మా, నాకు పడింది ఉత్తదేమో!"

"రెండో సూదికి రావాలనిపించలేదు. అప్పుడు?"

ఆయన ఇక్కడ తడబడ్డారు. "వస్తానమ్మా, మాటిచ్చాక ఎందుకు రాను" అన్నారు. ఆమె ఆ జవాబును ఒప్పుకోలేదు. మధ్యలో మానుకోవడానికి ఆయనకు హక్కు ఉందనీ, కారణం కూడా చెప్పనక్కర లేదనీ, అలా మానుకున్నందువల్ల ఇదే ఆసుపత్రిలో ఆయనకో ఆయన కుటుంబానికో జరిగే వైద్యంలో ఏ తేడా రాదనీ మళ్ళీ చెప్పి, ఆయన నోటితో ఆ మాట చెప్పించాకే పత్రం ముందుకు జరిపింది. ఆయన చదువుకోలేదు కాబట్టి ట్రయల్‌తో సంబంధం లేని మనిషిని, పక్క వార్డులోని ఒక రోగి బంధువును, సాక్షిగా కూర్చోబెట్టి, వేలిముద్ర పక్కన ఆ సాక్షి సంతకం తీసుకున్నారు. ఖమ్మం పిల్లల విషయంలో జరగనిది సరిగ్గా ఇదే. ఆ వరండాలో కూర్చుని ఇది వింటున్నప్పుడే నేను చేరాలన్న నిర్ణయం గట్టిపడింది.

నా వంతు వచ్చినప్పుడు కూడా తొందర లేదు. నేను కాలేజీలో పాఠం చెప్పే మనిషినని తెలిశాక వివరణ కుదించేస్తారనుకున్నాను గాని, కుదించలేదు. పత్రం ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని రేపు వచ్చినా పర్వాలేదని చెప్పారు. పత్రం చాలా పొడుగు, అచ్చు చాలా చిన్నది, కళ్ళజోడు ఉన్నా ఇబ్బందే. తొమ్మిది మార్కులకే ఆగిపోవడానికి అదే కారణం. పేజీ పేజీకీ సంతకం, తేదీ, చివర డాక్టరు సంతకం. సంతకాలైన పత్రం నకలు ఒకటి నా చేతికి ఇచ్చారు. అడగకుండానే ఇచ్చారు. ఈ నకలు ఇవ్వడం నిబంధన. ఇవ్వని కేంద్రం ఉంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మంచిదని నా సలహా.

ఆ పత్రం చివర చదువు, వృత్తి, వార్షికాదాయం, నామినీ పేరు, నామినీతో బంధుత్వం అని గడులు ఉంటాయి. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు ఏ బెరుకూ లేకుండా నింపే నామినీ గడి దగ్గర ఇక్కడ పెన్ను ఆగుతుంది. ట్రయల్ కారణంగా మనిషి పోతే పరిహారం ఎవరికి చేరాలన్నదే ఆ గడి. నేను మా వారి పేరు రాశాను. ఆ తరువాత పరిహారం సంగతి అడిగితే కోఆర్డినేటరు దాటవేయకుండా చెప్పారు. మన దేశంలో 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయళ్ళ నియమాల ప్రకారం, ట్రయల్‌లో ఉండగా వాలంటీరుకు ఏ హాని జరిగినా అది ట్రయల్‌కు సంబంధించినది కాదని తేలేదాకా, లేదా అవసరమైనంత కాలం, ఉచితంగా వైద్యం చేయించవలసిన బాధ్యత ట్రయల్ జరిపే సంస్థది. ట్రయల్ వల్ల మరణం సంభవించినట్టు తేలితే పరిహారానికి ఒక సూత్రం ఉంది. 8 లక్షల రూపాయలు మూలం. దాన్ని వయసుకు, అప్పటికి మనిషి ఆరోగ్యానికి తగ్గ గుణకాలతో హెచ్చిస్తారు. జబ్బుతో చివరి దశలో ఉన్న మనిషికి ఆరోగ్య గుణకం అర మాత్రమే, ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు అత్యధికంగా 4. ఆ లెక్కన 65 ఏళ్ళ ఆరోగ్యవంతుడి విషయంలో 32 లక్షలు వస్తుంది. వయసు తగ్గేకొద్దీ మొత్తం పెరుగుతుంది. మనిషి జీతం ఎంత అన్నది ఆ సూత్రంలోకి రాదు. వయసు ఒకటే అయితే, ఆటో నడిపే ఆయన ప్రాణానికీ నా ప్రాణానికీ అక్కడ ఒకటే ధర కట్టారు. మరణమో, ఆసుపత్రిలో చేరవలసి రావడమో జరిగితే డాక్టరు 24 గంటల్లోగా ఔషధ నియంత్రణ సంస్థకూ, వాలంటీర్ల హక్కులను, క్షేమాన్ని చూసే ఎథిక్స్ కమిటీకీ, కంపెనీకీ తెలియజేయాలి. ఈ ఏర్పాట్లు ఉన్నాయని తెలియక భయపడేవారే ఎక్కువ.

పరీక్షల గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. బీపీ, నాడి, ఉష్ణోగ్రత, ఆక్సిజన్ చూశారు. ముక్కులోంచి నమూనా, చేతి నుంచి రక్తం తీశారు, ఆడవారికి గర్భ పరీక్ష చేశారు. సూది ఎడమ భుజానికి వేసి అరగంట కూర్చోబెట్టారు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక థర్మామీటరు, పారదర్శకంగా ఉండే చిన్న కొలబద్ద, ఒక డైరీ కార్డు ఇచ్చారు. ప్రతి సాయంత్రం జ్వరం ఎంతో చూసి రాయాలి, సూది వేసినచోట ఎరుపు గాని వాపు గాని ఉంటే కొలబద్ద పెట్టి ఎన్ని మిల్లీమీటర్లో రాయాలి, తలనొప్పి, ఒళ్ళునొప్పులు ఉంటే పని చేసుకోగలిగినంతా, మంచం పట్టించేంతా అని గుర్తు పెట్టాలి. నాకు మొదటి రోజు భుజం కొంచెం లాగింది, మర్నాటికి పోయింది. కొలబద్దతో కొలవడానికి ఏమీ దొరకలేదు. అయినా ఏమీ లేదని రాయడం కూడా లెక్కలోకి వస్తుందని ఆ డాక్టరమ్మ గట్టిగా చెప్పడంతో ఒక్క సాయంత్రం కూడా వదలకుండా రాశాను.

డబ్బు సంగతి అందరూ అడుగుతారు. వెళ్ళినప్పుడల్లా రాకపోకల ఖర్చు కింద కొంత ఇస్తారు. ఆటో ఛార్జీకీ, ఆ పూట పోయిన కూలికీ సరిపోయేంత. అంతకు మించి ఇవ్వకపోవడమే సరైనదని నేను అనుకుంటాను. పెద్ద మొత్తం చూపిస్తే అవసరంలో ఉన్న మనిషి ఒంట్లో ఉన్న జబ్బు దాచిపెట్టి అయినా వస్తాడు. అయితే చిన్న మొత్తం కూడా కొందరికి పెద్దదే అవుతుంది. ఇదే ట్రయల్‌లో భోపాల్‌లోని ఒక కేంద్రం మీద వచ్చిన ఆరోపణలు అటువంటివే. గ్యాస్ దుర్ఘటన బాధితుల బస్తీల నుంచి వచ్చినవారు, తమకు 750 రూపాయలు ఇస్తారనీ కరోనా టీకా వేస్తారనీ మాత్రమే చెప్పారనీ, అది ట్రయల్ అని చెప్పలేదనీ పత్రికల ముందు వాపోయారు. ఆ కేంద్రం ఆ ఆరోపణలను కాదంది. నిజానిజాలు ఎలా ఉన్నా, ఒకే ట్రయల్, ఒకే పత్రం, ఒకే నియమం ఉన్నా కేంద్రాన్ని బట్టి మనిషికి దక్కే గౌరవం మారిపోతుందన్న సందేహం నాకు అక్కడే మొదలైంది.

ఇక రెండో భాగానికి, నేను నాలుగు మార్కులే ఇచ్చిన భాగానికి వస్తాను. రెండో డోసు అయ్యేదాకా అంతా సవ్యంగా నడిచింది. ఆ మధ్యలోనే అప్పటి హర్యానా ఆరోగ్య మంత్రి అనిల్ విజ్, ఇదే ట్రయల్‌లో మొదటి డోసు తీసుకున్న రెండు వారాలకు కరోనా బారిన పడ్డారన్న వార్త వచ్చి వాలంటీర్లలో కలవరం రేగినప్పుడు, కేంద్రం వారు ఫోన్ చేసి, రెండు డోసులూ పూర్తయి పద్నాలుగు రోజులు గడిచాకే రక్షణ లెక్క మొదలవుతుందనీ, ఆయనకు పడింది ప్లాసిబో కూడా కావచ్చుననీ వివరించారు. ఆ పిలుపు వల్ల రెండో డోసుకు రాకుండా పోయేవారు కొందరైనా ఆగి ఉంటారు. కాని ఫిబ్రవరి వచ్చేసరికి ఆ ఫోన్లు మొక్కుబడిగా తయారయ్యాయి. కొత్తగా చేరిన కుర్రవాడు "జ్వరం లేదు కదా మేడం, దగ్గు లేదు కదా మేడం" అని తనే జవాబు చెప్పేసి పెట్టేసేవాడు. లేదు కదా అని అడిగితే ఉన్నది కూడా లేదనే చెప్పాలనిపిస్తుంది. ఇటువంటి ట్రయల్ మొత్తం నిలబడేది వాలంటీరు చెప్పే లక్షణాల మీదే కాబట్టి, ఇది నాకు మర్యాదకు సంబంధించిన ఫిర్యాదు కాదు, పనికి సంబంధించిన ఫిర్యాదు.

అంతకన్నా పెద్దది ప్లాసిబో విప్పి చెప్పే విషయంలో జరిగింది. 2021 జనవరి 3న కోవాగ్జిన్‌కు అత్యవసర అనుమతి వచ్చింది, 16న దేశమంతా టీకాలు మొదలయ్యాయి. ఏప్రిల్ 1 నుంచి 45 ఏళ్ళు దాటిన అందరికీ ఇవ్వసాగారు. నాకు అప్పటికి 48. అంటే ట్రయల్‌లో చేరకుండా ఉండి ఉంటే, మా వీధిలోని ఆరోగ్య కేంద్రానికి నడిచివెళ్ళి వేయించుకునేదాన్ని. ట్రయల్‌లో ఉన్నందువల్ల, నాకు పడింది టీకానో కాదో తెలిస్తే తప్ప వేయించుకోకూడదు. అర్హత వచ్చినవారికి అడిగితే విప్పి చెబుతామని, ప్లాసిబో పడిందని తేలితే టీకా వేస్తామని కేంద్రం వారే మాట ఇచ్చారు. నేను ఏప్రిల్ మొదట్లోనే అడిగాను. అభ్యర్థన రాసి ఇమ్మన్నారు, ఇచ్చాను. ఆ కాగితం ఆసుపత్రి ట్రయల్ విభాగంలో ఎవరి బల్ల మీద ఆగిందో ఎవరూ చెప్పలేదు. అదే సమయానికి రెండో వేవ్ విరుచుకుపడింది. ఊళ్ళో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరుగులు పెడుతున్నారు, మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో రోజూ ఎవరో ఒకరి మరణవార్త. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుందని సమ్మతి పత్రంలో అచ్చు వేసి ఇచ్చిన నంబరు మోగి మోగి ఆగిపోయేది. ఆ డాక్టరమ్మను కోవిడ్ వార్డుకు పంపేశారని తరువాత తెలిసింది. వార్డుల్లో మనుషులు చాలక వారు పడిన అవస్థ నాకు అర్థమవుతుంది; ఆ రోజుల్లో అక్కడ పనిచేసినవారిని నేను ఒక్క మాట అనలేను. అయితే మాట ఇచ్చింది ఒక డాక్టరు కాదు, ఒక ఆసుపత్రి. ఒక మనిషిని మరో చోటికి పంపినప్పుడు ఆమె చేతిలో ఉన్న వాలంటీర్ల బాధ్యత మరొకరికి అప్పగించాలి కదా. మే నెల సగం గడిచాక గాని నాకు కబురు రాలేదు. నాకు రెండుసార్లూ పడింది ప్లాసిబోయే. ఆ వారంలోనే అసలు టీకా వేశారు.

ప్లాసిబో పడినందుకు నాకు ఏ బాధా లేదు. ఈ మాట ఊరికే అనడం లేదు. 2021 నవంబరులో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన ఫలితాలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. లెక్కలోకి తీసుకున్న కరోనా కేసులు మొత్తం 130. వాటిలో టీకా పొందినవారిలో వచ్చినవి 24, ప్లాసిబో పొందినవారిలో వచ్చినవి 106. తీవ్రంగా జబ్బుపడినవారు 16 మంది. వారిలో 15 మంది ప్లాసిబో వైపువారే. ఆ టీకా సామర్థ్యం 77.8 శాతం అని ప్రపంచానికి చెప్పగలిగింది ఈ తేడా వల్లనే. దుష్ఫలితాలు రెండు వైపులా దాదాపు ఒకే మేరకు, 12.4 శాతం మందిలో కనిపించాయి. అంటే ఉత్త సూది వేసుకున్నవారిలోనూ అంతమందికి ఏదో ఒక నలత చేసింది. ట్రయల్ కాలంలో 15 మంది చనిపోయారు, ఆ మరణాలకూ ఇచ్చిన ఇంజెక్షనుకూ సంబంధం లేదని తేల్చారు. పోల్చి చూడడానికి మా సగం లేకపోతే ఈ మాటల్లో ఒక్కటీ ఎవరూ నమ్మకంగా చెప్పగలిగేవారు కాదు. మనుషులు టీకా వల్ల పోతున్నారని ఒకరూ, టీకా వల్లే బతికామని ఒకరూ వాదించుకుంటూ ఉండేవారు. అందుకే ప్లాసిబో వాలంటీరును త్వరగా వదిలించుకోవలసిన పద్దుగా చూడడం నన్ను నొప్పించింది.

ధ్రువపత్రం విషయంలో పడిన తిప్పలు దీనికి కొనసాగింపే. నాకు వేసిన టీకా కోవిన్‌లో కాక ట్రయల్ రికార్డుల్లో నమోదైంది కాబట్టి, ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఇచ్చిన కాగితాన్ని విమానాశ్రయంలో గాని, మా కాలేజీ ఆఫీసులో గాని ఎవరూ టీకా ధ్రువపత్రంగా గుర్తించలేదు. తరువాత కేంద్ర ప్రభుత్వం ట్రయల్‌లో పాల్గొన్నవారికి కూడా కోవిన్ ద్వారా ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది గాని, అప్పటిదాకా, టీకా రావడానికి కారకులైనవారే టీకా వేయించుకోనివారి జాబితాలో ఉండిపోయారు.

ఇన్నేళ్ళ తరువాత ఇది రాయడానికి కారణం ఉంది. ఇప్పుడు మన దేశంలో మళ్ళీ పెద్ద ట్రయళ్ళు నడుస్తున్నాయి. పనాసియా బయోటెక్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఒకే డోసు డెంగీ టీకా మూడో దశ ట్రయల్‌ను 2024 ఆగస్టులో రోహ్‌తక్‌లో మొదలుపెట్టాయి. 19 కేంద్రాల్లో పదివేల మందికి పైగా వాలంటీర్లను అందులో చేర్చుకోవాలని అనుకున్నారు. క్షయ వ్యాధికి ఎంటీబీవ్యాక్ అనే కొత్త టీకాను భారత్ బయోటెక్ మన దేశంలో పరీక్షించడం 2024లోనే మొదలైంది. ప్రతి వర్షాకాలం డెంగీతో మన పట్టణాల ఆసుపత్రులు నిండిపోతున్నాయి. క్షయకు ఇప్పటికీ మనకున్న టీకా వందేళ్ళ కిందటి బీసీజీ ఒక్కటే. వీటికి టీకా రావాలంటే జబ్బు లేని మనుషులు వేల సంఖ్యలో చేయి చాపాలి. హైదరాబాదులో తయారైన టైఫాయిడ్ టీకా పనిచేస్తుందో లేదో త్వరగా తేల్చడానికి ఆక్స్‌ఫర్డ్‌లో వందమందికి పైగా ఆరోగ్యవంతులు, డాక్టర్ల పర్యవేక్షణలో, టైఫాయిడ్ క్రిములు కలిపిన ద్రవాన్ని తెలిసి తెలిసి తాగారు. వారిలో ఒక్కరికీ ఆ టీకా అవసరం లేదు. మనవంటి దేశాల పిల్లలకే దాని అవసరం. ఆ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన కృతజ్ఞతలో కొంత భాగమే నేను ట్రయల్‌కు వెళ్ళడం.

వెళ్ళాలనుకునేవారు ముందు ఆ ట్రయల్ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదైందో లేదో చూడండి. దాని వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు పత్రంలో ఉందా అని చూసి, సంతకానికి ముందే ఒకసారి చేసి చూడండి, ఎవరైనా ఎత్తుతారేమో. ఫిర్యాదు చెప్పుకోవలసి వచ్చినప్పుడు డాక్టరుతో కాదు, ఆ కమిటీతోనే పని. నా కాగితం కదిలింది కూడా చివరికి వారికి ఉత్తరం రాశాకే. ట్రయల్ జరుగుతుండగానే టీకాకు అనుమతి వస్తే ప్లాసిబోవారికి ఎన్ని రోజుల్లో చెబుతారో అడిగి, జవాబు రాతపూర్వకంగా ఉందో లేదో చూడండి. ఇంటికి పత్రం తీసుకెళ్ళనివ్వని చోట, ఒకేసారి పదిమందిని నిలబెట్టి వివరించే చోట, "అందరూ పెట్టేశారు, మీరూ పెట్టండి" అనే చోట సంతకం పెట్టకండి. బీపీ, షుగరు, ఆస్తమా, పాత అలర్జీలు ఏమున్నా దాచకండి. దాచితే మీకూ ప్రమాదం, ఫలితానికీ ప్రమాదం. ఇంట్లో పెద్దవారు భయపడితే వారినీ వెంట తీసుకెళ్ళి డాక్టరునే అడగనివ్వండి. మా అత్తగారిని రెండో డోసుకు నేను అలాగే తీసుకెళ్ళాను. ఆవిడ అడిగిన ప్రశ్నలు నేను అడిగినవాటికంటే సూటిగా ఉన్నాయి.

మళ్ళీ వెళ్తారా అని అడిగితే, అదే కేంద్రం అయినా వెళ్తాను. సంతకానికి ముందు అంత శ్రద్ధగా మాట్లాడగలిగిన చోట, సంతకం తరువాత పద్ధతి సరిచేయడం అసాధ్యం కాదు. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. వాలంటీర్ల బాధ్యతకు ఒక మనిషి, ఆయన లేనప్పుడు చూసుకోవడానికి పేరుతో సహా మరో మనిషి, పలికే ఫోను ఒకటి ఉండాలి. ట్రయల్ ముగిసి ఫలితాలు అచ్చయ్యాక, ఏం తేలిందో మామూలు తెలుగులో రెండు పేజీల ఉత్తరం ప్రతి వాలంటీరుకూ వెళ్ళాలి. పైన రాసిన 130, 24, 106 అంకెలు నేను ఇంగ్లీషు పత్రికలో వెతుక్కుని చదివినవి. వరండాలో నా ముందు కూర్చున్న ఆటో ఆయనకు వాటిని చెప్పినవారు ఎవరూ ఉండరు. ఆ అంకెల్లో ఆయనా ఉన్నారు కాబట్టి, ఆ ఉత్తరం ఇప్పటికైనా పంపమని కేంద్రానికీ, ఎథిక్స్ కమిటీకీ విడివిడిగా రాశాను. జవాబు ఇంకా రాలేదు.